ఆక్సిజన్ గదిలో ఇద్దరు

లచ్చన్న పరుగున వచ్చేసరికి ఫోర్‌మన్ ప్రభాకర్ బాత్రూమ్ తలుపుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

ఒమాన్‌లోని దుక్మ్‌లో కొత్తగా కడుతున్న నూనె ట్యాంకుల సైట్ అది. ఎటు చూసినా ఇసుక, వడగాలి, సగం లేచిన ఇనుప గోడలు. పనివాళ్ల ప్లాస్టిక్ బాత్రూములు సైట్‌కు ఓ చివర ఉంటాయి. స్కాఫోల్డింగ్ పరంజా మీంచి దిగి అక్కడిదాకా చేరటమే ఆ రోజుల్లో లచ్చన్నకు పెద్ద గండం. తడిబట్టను పిండినట్టు కడుపు మెలితిరిగేది. వెంటనే పోకపోతే ఆగేది కాదు. పోతే పడేది రక్తం.

ఎండలు ముదరకముందే మొదలైంది ఈ బాధ. క్యాంపు క్లినిక్‌లో విరేచనాల గోలీలు ఇచ్చి పంపారు. రక్తం సంగతి అతను అక్కడ చెప్పలేదు. చెబితే అన్‌ఫిట్ అని విమానం ఎక్కిస్తారని భయం. రూమ్‌లో పక్కమంచం సమీయుల్లాకు తప్ప ఎవరికీ తెలియదు. ప్రభాకర్‌కు అసలే తెలియదు. ప్రభాకర్‌ది కూడా మెట్‌పల్లి పక్కనే. లచ్చన్నను ఈ కంపెనీలో పెట్టించింది అతనే. కొత్తలో అన్నం సయించక ఏడుస్తుంటే తన పళ్లెంలో కలిపి తినిపించింది కూడా అతనే.

"జరుగన్నా" అన్నాడు లచ్చన్న.

"పైన క్లాంపు బిగియ్యకుంట ఇడిసిపెట్టి దిగినవ్. నిన్న గట్లనే పడి, బంగ్లా పోరని చెవు పక్కనుంచి పోయింది. వాడు సస్తే నువ్వు సమాధానం చెప్తవా?"

ఆ మాట నిజమే. కానీ ఆగే స్థితిలో లేడు లచ్చన్న. పక్కనుంచి దూరబోయాడు. ప్రభాకర్ కాలరు పట్టి వెనక్కి లాగాడు. ఆ కుదుపుకు అంతా అయిపోయింది. ప్యాంటు తడిసి, కాళ్ల వెంట బూట్లలోకి కారింది. నీళ్ల డ్రమ్ము దగ్గరున్న మనుషుల్లో ఒకడు నవ్వాడు. వాడి వెనక ఇంకొందరు.

ముక్కు మూసుకుని ప్రభాకర్ దూరం జరిగి ఉంటే ఈ కథ లేదు. పై ఆఫీసరు ముందు ఆ పొద్దున్నే మాటలు పడి వచ్చిన కోపమో, తను తెచ్చిన మనిషి తన పరువు తీస్తున్నాడన్న కసో, ఇనుప ముక్కు బూటుతో లచ్చన్న పొత్తికడుపులో తన్నాడు. లచ్చన్న వంగిపోయాడు. రెండోసారి తన్నాడు. "మనిషివా, పశువ్వా? గీ కంపుతోని బస్సెక్కుతవా?" అంటూ జుట్టు పట్టి ముఖాన్ని ఇసుకలోకి అదిమాడు.

లచ్చన్న నడుముకు బిగించిన బెల్టులో బరువైన ఇనుప పానా ఉంది. అది చేతిలోకి ఎప్పుడొచ్చిందో అతనికి తెలియదు. పైకి లేస్తూనే తిప్పి కొట్టాడు. ప్రభాకర్ హెల్మెట్ ఎగిరిపోయింది. రెండో దెబ్బ భుజం మీద పడింది. ప్రభాకర్ తూలుతూ వెళ్లి, స్కాఫోల్డింగ్ పైపులు పేర్చిన గుట్ట పక్కన వెల్లకిలా పడ్డాడు. గుట్ట జారకుండా కింద ఒక చెక్కదిమ్మె అడ్డం పెట్టి ఉంది. అది లచ్చన్నకు కనిపించింది. స్పష్టంగా కనిపించింది. దాన్ని ఒక్క తాపు తన్నాడు.

పైపులు గలగలమంటూ దొర్లాయి. ప్రభాకర్ ఎడమకాలు వాటి కింద చితికిపోయింది. అతని అరుపు విని ట్యాంకు లోపల వెల్డింగ్ చేస్తున్నవాళ్లు కూడా బయటికి వచ్చారు. లచ్చన్న రెండడుగులు వేసి, కళ్లు తిరిగి అక్కడే పడిపోయాడు. ఇసుక మీద పడింది ఎవరి రక్తమో చూసినవాళ్లకు తెలియలేదు.

సమీయుల్లా లచ్చన్నను భుజాన వేసుకుని క్లినిక్‌కు చేర్చాడు. పెనుగులాటలో పైపులు వాటంతట అవే జారాయని అందరూ అనుకున్నారు. కంపెనీ కూడా ప్రమాదం అనే రాసుకుంది. చెక్కదిమ్మె సంగతి ఇద్దరికే తెలుసు.

*

ఇద్దరినీ వేర్వేరు అంబులెన్సుల్లో మస్కట్‌కు తరలించారు. ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో లచ్చన్నకు పేగు లోపలికి కెమెరా పంపి చూశారు. చూసిన డాక్టరు అజీజా ఒమానీ మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. ఆమె ఇంగ్లీషులో చెప్పిందంతా తెలుగులో చెప్పటానికి శేషుకుమారిని పిలిపించారు. శేషుకుమారి కాకినాడ మనిషి, నలభై దాటిన నర్సు. మస్కట్‌లోనే, ఘుబ్రాలో కాపురం. ఆసుపత్రి కింది అంతస్తులో ఉండే ఆక్సిజన్ గదిలో ఆమె డ్యూటీ.

ఆమె మంచం పక్కన కూర్చుని విడమరిచి చెప్పింది. బయటినుంచి వచ్చే క్రిముల మీద పడాల్సిన తెల్లకణాలు అదుపు తప్పి, అతని పెద్దపేగు లోపలి పొర మీదే పడ్డాయి. ఆ పొరంతా పుండ్లే. ఆ రోగానికి ఒక పొడవాటి ఇంగ్లీషు పేరు కూడా చెప్పింది. ఇది తిన్నదాని వల్ల వచ్చింది కాదు, చేసినదాని వల్ల వచ్చింది కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటేదీ కాదు. వాపు అణచటానికి నరంలోకి స్టిరాయిడ్ ఎక్కిస్తున్నారు. దానికి లొంగకపోతే ఇంకా గట్టి మందు వేస్తారు, దానికీ లొంగకపోతే పెద్దపేగు తీసేయటమే. ఈలోగా ఇంకొకటి ప్రయత్నిద్దామంటున్నారు డాక్టరమ్మ. వాచిన చోటికి రక్తం సరిగా అందదు, దాంతో ఆక్సిజన్ చాలదు, చాలక వాపు ఇంకా రేగుతుంది. ఒత్తిడి పెంచిన గదిలో కూర్చోబెట్టి మాస్కుతో అచ్చమైన ఆక్సిజన్ ఇస్తే, అది రక్తంలో మామూలుకన్నా ఎన్నో రెట్లు కరిగి పుండు దాకా వెళ్తుంది. రెచ్చిపోయిన కణాల జోరు కూడా దానితో తగ్గుతోందని కొన్ని చోట్ల చూశారు.

"ఇది కొత్త పద్ధతి బాబూ. అందరికీ పనిచేస్తుందని ఎవరూ మాట ఇవ్వరు. నీకు ఇష్టమైతేనే" అంది చివర్లో.

పేగు తీసేయటం అన్న మాట దగ్గరే ఆగిపోయి ఉన్నాడు లచ్చన్న. సరేనని తలూపాడు.

మర్నాడు నూలు బట్టలు తొడిగి కిందికి తీసుకెళ్లారు. జేబులో ఫోనుందా, లైటరుందా అని ఒకటికి రెండుసార్లు తడిమి చూశారు. ఆక్సిజన్ ఉన్నచోట చిన్న నిప్పురవ్వ చాలట. గది అంటే గది కాదు, పడుకోబెట్టిన లావుపాటి ఇనుప గొట్టం. గుండ్రటి కిటికీలు, రెండువైపులా సీట్లు, ఒక్కో సీటు దగ్గర గొట్టంతో వేలాడే మాస్కు. రోగులతోపాటు శేషుకుమారి లోపలే కూర్చుంటుంది. బయట మీటర్ల ముందు నిజాముద్దీన్ అనే హైదరాబాదు ఆపరేటరు ఉంటాడు. ఒత్తిడి ఎక్కాక తలుపును పదిమంది గుంజినా రాదని, మెల్లగా దించాకే తెరుచుకుంటుందని ఆమె ముందే చెప్పింది.

తలుపు మూసే ముందు ఇంకో రోగిని చక్రాల కుర్చీలో లోపలికి తోశారు. ఎడమకాలికి మోకాలి కింద బయటినుంచి ఇనుప కడ్డీలు బిగించి ఉన్నాయి. వేళ్లు నల్లబడ్డాయి. చితికిన కండ చచ్చిపోకుండా అతనికీ ఇదే వైద్యం.

ప్రభాకర్ లచ్చన్నను చూసి తల పక్కకు తిప్పుకున్నాడు. శేషుకుమారికి వీళ్ల సంగతి తెలియదు. ఒకే కంపెనీ, ఒకే జిల్లా వాళ్లని కాగితాల్లో చూసి, కబుర్లు చెప్పుకుంటారని ఎదురెదురుగా కూర్చోబెట్టింది. తలుపు పడింది. గాలి హోరుమని ఎక్కింది. చెవులు దిబ్బడ వేశాయి. ముక్కు మూసి గట్టిగా ఊదమని ఆమె చూపించింది. ఇద్దరూ ఊదారు.

*

నాలుగైదు రోజులకు రక్తం పడటం తగ్గింది. తర్వాత రాత్రుళ్లు లేవాల్సిన పని తప్పింది. అజీజా కడుపు నొక్కి చూసి ముఖం వికసించేలా నవ్వింది. మందు వల్లనో, ఆక్సిజన్ వల్లనో, రెండూ కలిసో ఇప్పుడే చెప్పలేనని, ఆపకుండా పూర్తి చేయమని అంది.

కడుపు చల్లబడుతున్న కొద్దీ లచ్చన్న తల వేడెక్కింది. స్టిరాయిడ్ పడ్డప్పటినుంచి నిద్ర లేదు. గోడ మీద గడియారం చప్పుడుకు కూడా పళ్లు కొరుక్కునేవాడు. అన్నం తెచ్చిన కుర్రాడి మీద పళ్లెం విసిరాడు. ఆ మందుతో కొందరికి అలా అవుతుందని, మనసులో ఏమైనా తేడాగా ఉంటే దాచకుండా చెప్పమని శేషుకుమారి అడిగింది. అతను ఏమీ లేదన్నాడు. కళ్లు మూస్తే బూటు కనిపిస్తోందని, కడ్డీలు బిగించిన ఆ కాలును చూస్తే ఇంకోసారి విరగ్గొట్టాలనిపిస్తోందని చెప్పలేదు.

వైద్యం మధ్యలో మాస్కులు తీసి కాసేపు మామూలు గాలి పీల్చే విరామం ఉంటుంది. ప్రభాకర్ అప్పుడే మాట్లాడేవాడు, శేషుకుమారి గొట్టాలు సరిచూస్తూ అటు తిరిగినప్పుడు, పెదవులు కదిలీ కదలకుండా.

"దిమ్మె ఎవడు తన్నిండో నేను జూసిన. కాలు నిలవడ్డదా సరే. లేకుంటే పోలీసులకు చెప్పి నిన్ను ఈ దేశం జైల్ల కుళ్లబెడ్త."

లచ్చన్న కిటికీ వైపు తిరిగేవాడు. అది చూసి ప్రభాకర్‌కు ఇంకా మంట. అతని నొప్పి అతనిది. వేళ్లలో స్పర్శ రావటం లేదు. పాదం తీసేయాల్సి రావచ్చని డాక్టర్లు ఆ వారమే చెప్పారు. ఒంట్లో జ్వరం కూడా ఉంది. కానీ జ్వరంలో ఫిట్స్ వస్తాయని ఆక్సిజన్ మానిపిస్తారేమోనని ఆ పొద్దున గోలీ మింగి, ఎవరికీ చెప్పకుండా కిందికి వచ్చాడు.

ఆ రోజు విరామం ముగుస్తుండగా అన్నాడు. "మీ సుమలతకు ఫోన్ జేసిన. నీ మొగడు పాడు ఆడోళ్ల దగ్గరికి పొయ్యి రోగం తెచ్చుకున్నడు, పిల్లను దగ్గరికి రానియ్యకు అని చెప్పిన. ఊరంత తెలిసిపోయింది. ఇగ పో, యాడికి పోతవో."

మాస్కులు పెట్టుకోమని స్పీకరులో నిజాముద్దీన్ గొంతు వినిపించింది. ప్రభాకర్ తన మాస్కు పట్టీ తల వెనక్కి బిగించుకుంటున్నాడు. లచ్చన్న లేచాడు.

ఒక్క గంతులో అతని మీద పడ్డాడు. మోకాలు ఛాతీ మీద పెట్టి, మాస్కును రెండు చేతులతో ముఖానికేసి అదిమాడు. తల వెనక్కి వెళ్లి ఇనుప గోడకు కొట్టుకుంది. మళ్లీ కొట్టాడు. గొట్టాన్ని మెడ చుట్టూ తిప్పి లాగాడు. ప్రభాకర్ గోళ్లతో అతని చెంపలు చీరాడు, వేలు కంట్లో పొడిచాడు. ఆ కంట్లోంచి నీళ్లు కారుతున్నా లచ్చన్న పట్టు వదల్లేదు. ఏదో అంటూనే ఉన్నాడు, బూతులో, సుమలత పేరో, తనకే తెలియలేదు.

శేషుకుమారి వెనకనుంచి అతని చొక్కా పట్టి గుంజింది. "వదులు, చచ్చిపోతాడు, వదులు" అంటూ వేళ్లు ఒక్కొక్కటే ఊడదీయబోయింది. అతను చూడకుండానే మోచేత్తో విసిరికొట్టాడు. అది ఆమె నోటికి తగిలింది. ఆమె ఎగిరి వెనక్కి పడుతూ, సీటు ఇనుప అంచు మీద చెయ్యి ఆనించింది. మణికట్టు పటుక్కుమంది.

బయట నిజాముద్దీన్ కిటికీ అద్దం మీద అరచేతులతో బాదుతున్నాడు. బాదటం తప్ప అతను చేయగలిగిందేమీ లేదు. ఒక్కసారిగా ఒత్తిడి దించితే లోపలున్న ముగ్గురి ఊపిరితిత్తులూ చీలిపోవచ్చు.

అప్పుడు ప్రభాకర్ పెదవులు అదిరాయి. మాస్కు లోపల మూతి ఒక పక్కకు గుంజుకుపోయింది. కళ్లు తేలేశాడు. ఒళ్లంతా కర్రలా బిగుసుకుని ఒక్కసారిగా కొట్టుకోవటం మొదలైంది. ఆ బలానికి లచ్చన్న పక్కకు పడిపోయాడు. చంపేశాననుకున్నాడు. ఇన్ని రోజులూ కోరుకున్నది అదే. చేతికి వచ్చాక ఒళ్లు చల్లబడిపోయింది.

"మాస్కు తియ్యి" అంది శేషుకుమారి. నేల మీద కూర్చుని, విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని, నెత్తురు నోటితో అంది. అతను కదల్లేదు. "లచ్చన్నా, ఆక్సిజన్ ఎక్కువై ఫిట్స్ వచ్చాయి. ముందు మాస్కు తియ్యి."

తీశాడు. మెడకు చుట్టిన గొట్టం తీశాడు. ప్రభాకర్ కడ్డీల కాలు సీటుకేసి దబదబా కొట్టుకుంటోంది. కట్టులోంచి రక్తం చిమ్మింది.

"కాలు పట్టుకో. గట్టిగా కాదు, తగలకుండా పట్టుకో చాలు."

తాను విరగ్గొట్టిన కాలును లచ్చన్న రెండు చేతులా ఎత్తి గుండెకు ఆనించుకున్నాడు. కడ్డీ కొన ఛాతీలో గుచ్చుకుంటోంది. శేషుకుమారి మంచి చేత్తో ప్రభాకర్‌ను పక్కకు తిప్పి, నోట్లో నురగ తుడిచింది. ఒత్తిడి దించమంటారా అని స్పీకరులో నిజాముద్దీన్ హిందీలో అడిగాడు. వద్దంది. ఊపిరి బిగబట్టిన మనిషికి ఇప్పుడు దించితే లోపల పగిలిపోతుంది. ఊపిరి అందుకున్నాక చెబుతానంది. ముగ్గురూ ఆ గొట్టంలో అలాగే ఉన్నారు. ఎవరూ రాలేరు, ఎవరూ పోలేరు.

కొంతసేపటికి ప్రభాకర్ గురక తీసినట్టు పెద్దగా ఊపిరి లాగాడు. కొట్టుకోవటం ఆగింది. ఆమె చెయ్యి ఊపింది. గాలి మెల్లగా దిగింది. గదిలో పొగమంచులా ఆవిరి కమ్మింది. ఆ మసకలో లచ్చన్న ఇంకా కాలు పట్టుకునే కూర్చున్నాడు. తలుపు తెరుచుకున్నాక సెక్యూరిటీవాళ్లు అతన్ని రెక్కలు విరిచి బయటికి లాగారు. అతను ఎదురు తిరగలేదు.

*

పోలీసులు మంచం దగ్గరే విచారించారు. స్టిరాయిడ్ వల్ల మతి అదుపు తప్పి ఉండవచ్చని అజీజా తన రిపోర్టులో రాసింది. ఆ మాట పట్టుకుంటే గదిలో జరిగినదాని నుంచి చాలావరకు బయటపడవచ్చని, పైపుల సంగతి ఎటూ ప్రమాదమే కదా అని కంపెనీ తరఫు మనిషి వచ్చి నచ్చజెప్పాడు. లచ్చన్న దుబాసీని పిలిపించమన్నాడు. పానాతో కొట్టింది, దిమ్మె తన్నింది, గదిలో మెడకు గొట్టం బిగించింది, వరసగా చెప్పాడు. దిమ్మె తన్నేటప్పటికి ఒంట్లో ఏ మందూ పడలేదని, తెలివి తెలిసే తన్నానని చెప్పాడు. ప్రభాకర్ బూటుతో తన్నింది కూడా దాచలేదు. సైట్‌లో నవ్వినవాళ్లలో ఎవరూ సాక్ష్యానికి రాలేదు. సమీయుల్లా ఒక్కడే వచ్చాడు. జబ్బు మనిషిని తన్నటం తన కళ్లతో చూశానన్నాడు.

ప్రభాకర్ బతికాడు. పాదం మాత్రం నిలవలేదు. కోర్టులో కర్రల మీద నిలబడి, తాను కొట్టింది నిజమేనన్నాడు. సుమలతకు ఫోన్ చేసింది కూడా ఒప్పుకున్నాడు. లచ్చన్న వైపు చూడలేదు, క్షమించాననీ అనలేదు. లచ్చన్నకు జైలుశిక్ష పడింది. అది ముగిశాక అతన్ని దేశం నుంచి పంపించేయాలని తీర్పు వచ్చింది.

జైలుకు తరలించే ముందు ఇంటికి ఫోన్ చేసుకోనిచ్చారు. తన రోగం పేరు భార్యకు కూడబలుక్కుని చెప్పాడు లచ్చన్న. అంటేది కాదని చెప్పాడు. సుమలత అంతా విని, "ప్రభాకరన్న చెప్పింది నేను నమ్మలే. కానీ నువ్వు ఫోన్ జేసినప్పుడల్ల మంచిగున్న మంచిగున్న అంటివి. అది నమ్మిన. గదే నాకు బాధ" అంది. పిల్ల ఏం చేస్తోందని అడిగాడు. పడుకుందని చెప్పి ఏడ్చింది.

అంతకుముందు, కేసు నడుస్తుండగానే, ఆఖరిసారి పేగు పరీక్షకు పోలీసు కాపలాతో తీసుకొచ్చినప్పుడు, ఫలితం చెప్పటానికి శేషుకుమారే వచ్చింది. చేతికి సిమెంటు కట్టు ఉంది. పెదవి మీద కుట్లు మానాయి కానీ మచ్చ నిలిచింది. అతను లేచి నిలబడబోయాడు. సంకెళ్లు అడ్డం వచ్చి ఆగిపోయాడు.

పుండ్లు చాలావరకు మానాయని, కొత్త పొర పట్టిందని, జైల్లో కూడా గోలీలు మానకూడదని, మళ్లీ రక్తం కనిపిస్తే ఆ రోజే చెప్పాలని డాక్టరు మాటలన్నీ ఎప్పటిలాగే విడమరిచి చెప్పింది. అర్థమైందా అని అడిగింది. అర్థమైందన్నాడు.

"అక్కా, నీ చెయ్యి" అన్నాడు.

"చెయ్యి అతుక్కుంటుంది." ఆమె కాగితాలు సర్దుకుంది. వెళ్లబోయి ఆగింది. "పదమూడేళ్లుగా ఆ గదిలో కూర్చుంటున్నాను లచ్చన్నా. ఒక్కరోజూ భయం వెయ్యలేదు. మొన్న కట్టుతోనే ఒకసారి లోపలికెళ్లి చూశాను. తలుపు మూస్తున్నారు, నా వల్ల కాలేదు. తియ్యమని అరిచాను. నిజాముద్దీన్ తీశాడు. ఇంకో వార్డుకు మార్చమని రాసిచ్చాను."

తప్పయిందన్న మాట లచ్చన్న నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె చేతి కట్టు, పెదవి మీద మచ్చ చూస్తుంటే అది బయటికి రాలేదు. తల దించుకున్నాడు. ఆమె కాపలా పోలీసుకు అరబ్బీలో ఏదో చెప్పి వెళ్లింది. పోలీసు వచ్చి అతని సంకెళ్లను ఒక మెట్టు వదులు చేశాడు. పేగు జబ్బు మనిషి కదా, బిగించవద్దని చెప్పిందట.